కండక్టరమ్మ గొంతుకి టికెట్టు

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమమా అని అడగను. నువ్వు క్షేమంగానే ఉన్నావనీ, నన్ను అమ్ముకుని బతుకుతున్నావనీ ఇవాళే తెలిసింది.

డిపోలో నన్ను పోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారని నీకు తెలుసు కదా. ఆపరేషనయి ఎనిమిది నెలలైనా గొంతులోంచి గాలి తప్ప మాట రాదు కనుక గొడుగులకీ టిఫిన్ డబ్బాలకీ కాపలా. గొడుగులు ఎదురు మాట్లాడవు, అదొక్కటే సుఖం. పొద్దున పదకొండింటికి ఒక నర్సమ్మ డబ్బా మర్చిపోయానంటూ వచ్చింది. నేను రిజిస్టరు తిరగేస్తుంటే ఆవిడ ఫోన్లో ఏదో బస్సు ఆట ఆడుకుంటోంది. అందులోంచి నేను అరిచాను. "ముందుకి జరగండి బాబూ, వెనకేం కొంపలంటుకోలేదు" అని. నేనేరా. ఇరవై ఆరేళ్ళు బస్సుల్లో అరిచిన అరుపు, నాకు తెలియదా?

పలక మీద "అది నా గొంతు" అని రాసి చూపించాను. ఆవిడ చదివి, నా మెడ మీది కుట్ల గీత చూసి జాలిగా నవ్వింది. "కాదమ్మా, అది ఆటలో కండక్టరమ్మది. డబ్బులిచ్చి కొనుక్కున్నాను" అంది. నా గొంతు నాది కాదని నాకే చెప్పింది. అమ్మిందెవరని రాసి అడిగితే చూపించింది. "కండక్టరమ్మ తమ్ముడు" అట. దొంగతనం చేసి గుమ్మం మీద పేరు రాసుకున్న దొంగని నిన్నే చూశాను.

ఫోన్ చేసి తిడదామంటే గొంతు లేదు. మెసేజి పెడదామంటే నా కోపం మూడు ముక్కలై పోతుంది. అందుకే కాగితం. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు చూడు. ఆట ఎవడిదో, గొంతు నాది, డబ్బు నీకా? జవాబు రాయి. చక్కటి అక్షరాలతో రాయి.

ఇంకా నీ అక్కనే,
అక్క


జూన్ 8

అక్కా,

నమస్కారం పెట్టాలో, పారిపోవాలో తేల్చుకోలేక రెండు రోజులు నీ ఉత్తరాన్ని కీబోర్డు కింద దాచాను. టైపు చేస్తుంటే నువ్వు కింద నుంచి గుచ్చుతున్నట్టే ఉంది.

అమ్మానన్నది నిజం. దొంగతనమంటే మాత్రం ఒప్పుకోను. ముందు ఇదేమిటో విను. ఒక పెద్ద కంపెనీ బస్సు నడిపే ఆట చేసి అమ్ముతోంది. రోడ్లు బాగుంటాయి, వాన బాగుంటుంది, అద్దం తుడిచే పుల్ల కిర్రుమనడం కూడా బాగుంటుంది. కానీ జనం బొమ్మల్లా ఎక్కి బొమ్మల్లా దిగుతారు. తిట్టే దిక్కు లేదు. ఇలాంటి ఆటలకి ఆడేవాళ్ళే సొంతంగా ఏదో ఒకటి చేసి తగిలిస్తూ ఉంటారు, కొత్త బస్సో, కొత్త దారో. దాన్ని మాడ్ అంటారు. నేను తగిలించింది కండక్టరమ్మని. ఆవిడ టికెట్లు కొడుతుంది, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి లోపలికి పిలుస్తుంది, చిల్లర లేదన్నవాడి జేబులో చిల్లర ఎక్కడుందో చెబుతుంది. నేను పనిచేసే ప్రింటింగు ప్రెస్సు మూతపడ్డాక ఈ లాండ్రీ మీది గదిలో కూర్చుని చేశాను. కింద మిషన్ తిరిగినప్పుడల్లా నేల అదురుతుంది. ఆపి, మళ్ళీ మొదలెట్టి, ఆరు నెలలు.

గొంతు ఎక్కడిదంటావా? కిందటి అక్టోబరులో పదకొండు రోజులు నీ మూడు గంటల ట్రిప్పు ఎక్కాను, గుర్తుందా. నా టిఫిన్ సంచిలో మైకు ఉంది.

ఇప్పుడు అసలు గొడవ. మాడ్‌లు ఊరికే ఇవ్వడం వీళ్ళ ఆనవాయితీ. నేను రెండు టీల ధర పెట్టాను. అంతే, కత్తులు నూరుతున్నారు. ప్రేమతో చేసేదానికి డబ్బేమిటని ఒకడు, నిన్ను చూసి రేపు అందరూ ధర పెడతారని ఒకడు. కంపెనీ నోటీసు కూడా వచ్చింది. ఈ నెల ముప్పైలోగా ఊరికే ఇవ్వాలట, లేకపోతే తీసేయాలట. నేను రెండూ చెయ్యను. ప్రేమ ఉన్నచోట కూలి ఉండకూడదని ఎవరు రాశారు? నువ్వు బస్సుని ప్రేమించలేదా? ఒకటో తారీకున జీతం వద్దన్నావా?

నీ కోపం నాకు అర్థమైంది. వాటా ఇవ్వలేదనే కదా. సగం నీదే, ఈ నెల నుంచే పంపిస్తాను.

తమ్ముడు


జూన్ 12

తమ్ముడూ,

వాటా అడిగానా నేను? నా ఉత్తరంలో ఏ లైనులో అడిగానో గీత గీసి పంపు. పుండు మీద కారం చల్లడం ఎలాగో నిన్ను చూసి నేర్చుకోవాలి.

ఆ పదకొండు రోజులూ నేనేమనుకున్నానో తెలుసా? ప్రెస్సు పోయింది, వీడికి పొద్దు పోవడం లేదు, ఇంట్లో కూర్చోలేక నా బస్సెక్కుతున్నాడు అనుకున్నాను. అయినా ఒక్కరోజు కూడా ఊరికే ఎక్కించుకోలేదు. అమ్మనే టికెట్టు తీసుకోమన్నదాన్ని, నువ్వెంత. నువ్వు మాత్రం తేలు కుట్టిన దొంగలా సంచి ఒళ్ళో పెట్టుకుని, డబ్బులిచ్చి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు. అడిగి ఉంటే కాదనేదాన్నా? కాదనేదాన్నేమో. అయినా అడగాలి.

కంపెనీవాళ్ళది తప్పేముందో నాకు తెలియడం లేదు. వాళ్ళ ఇంటి డాబా మీద నువ్వు గది కట్టుకుని అద్దె వసూలు చేస్తుంటే వాళ్ళు ఊరుకుంటారా? పైగా వాళ్ళకి లాయర్లు ఉంటారు. నీకున్నది కింద ఇస్త్రీ చేసే ఆయన ఒక్కడు.

తీసెయ్. ముప్పై దాకా ఎందుకు, రేపే తీసెయ్. డాక్టరు ఏడాది ఓపిక పట్టమన్నారు, ఇంకో నాలుగు నెలలు. అక్టోబరుకి నా గొంతు వస్తుంది, నేను బస్సెక్కుతాను. అసలు మనిషి ఉండగా నకలు దేనికి? డిపోలో అందరికీ చెప్పి పెట్టాను, నా విజిలు ఎవరికీ ఇవ్వొద్దని.

నువ్వు సరిగ్గా తింటున్నావా? ఇది కోపం తగ్గి అడిగింది కాదు, మామూలుగా అడిగింది.

అక్క


జూన్ 16

అక్కా,

తియ్యను.

తిట్టుకో. కంపెనీని వెనకేసుకొస్తున్నావు గానీ, వాళ్ళ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉన్నది నువ్వు చదవలేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, చిన్న అక్షరాలు నన్ను దాటిపోవు. ఊరికే ఇచ్చిన మాడ్‌ని వాళ్ళు తమ తర్వాతి ఆటలో వాడుకోవచ్చట. మనకి కృతజ్ఞతలు చెబుతారట, చివర్లో, పేర్లు పైకి పోయే చోట. ఆ కొత్త ఆటని మాత్రం వాళ్ళు ఊరికే ఇవ్వరు. అంటే ప్రేమ మనది, ధర వాళ్ళది.

డాబా మీద గది అన్నావు. వాళ్ళ డాబా కొనుక్కున్నవాళ్ళే నా గదిలోకి రాగలరు. వాళ్ళ ఆట కొనకుండా నా కండక్టరమ్మ ఎవరికీ పనికిరాదు. నా వల్ల వాళ్ళకి పోయిందేమీ లేదు. వాళ్ళ రోడ్డు మీద ఒక రాయి కూడా నేను కదపలేదు. కావాలంటే ఒక్క నొక్కుతో తీసేసి మళ్ళీ మూగ బస్సు నడుపుకోవచ్చు. ఎవరూ నడుపుకోవడం లేదు.

ఆడేవాళ్ళ తిట్లకి కొంచెం బాధపడ్డాను, దాచను. వాళ్ళలో మంచివాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి ఊరికే చేసిపెట్టినవాళ్ళున్నారు. వాళ్ళని నేను తక్కువ చెయ్యలేదు. ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి అని ఎగబడేవాళ్ళే ఎక్కువ అరుస్తున్నారు.

నీ మాట ఎప్పుడైనా కాదన్నానా? ఈ ఒక్కటీ కాదంటున్నాను. ఆ గొంతు మళ్ళీ దొరికేది కాదు. దాన్ని వాళ్ళ చేతిలో పెట్టను, చెత్తబుట్టలోనూ పడెయ్యను.

తింటున్నాను. మామూలుగానే.

తమ్ముడు


జూన్ 18

తమ్ముడూ,

"ఆ గొంతు మళ్ళీ దొరికేది కాదు" అని రాశావు.

నీకేం తెలుసు? ఎప్పటినుంచి తెలుసు?

వంకర టింకరగా కాకుండా రాయి.

అక్క


జూన్ 20

అక్కా,

నీ ఉత్తరం అందిన గంటలోనే రాస్తున్నాను.

ఆపరేషన్‌కి పదిహేను రోజుల ముందు, పక్క గదిలో నీకు రక్తం తీస్తుంటే, డాక్టరు నన్ను వరండాలోకి పిలిచారు. గడ్డ తీయకపోతే ప్రాణానికి ముప్పు, తీస్తే మాట తిరిగి రావడం కష్టం అన్నారు. నలుగురిలో ఒకరికి వస్తుందట. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగారు. నేనే చెబుతానన్నాను. లోపలికొచ్చేసరికి నువ్వు, సూది గుచ్చిన పిల్ల చెప్పులేసుకుని లోపలికొచ్చిందని దానికి పాఠం చెబుతున్నావు. చెబితే నువ్వు ఆపరేషన్ వద్దని బస్సెక్కేస్తావని భయపడ్డాను. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత అనేది ఎనిమిది నెలలు సాగింది. నాది తప్పు. దీన్ని ఎలా తిప్పి రాసినా తప్పే.

ఆ మర్నాడే మైకు కొన్నాను. అమ్మడానికి కాదు, ఒట్టు. దాచుకోవడానికి. ఆపరేషనయ్యాక వినడానికి కూర్చుంటే వినలేకపోయాను. ఖాళీ గదిలో "దిగేవాళ్ళని దిగనివ్వండి" అని నువ్వు అరుస్తుంటే, దిగేవాళ్ళేరీ? ఆ మాటలకి బస్సు కావాలి, జనం కావాలి. అందుకని ఆటలో పెట్టాను. పెట్టాక ఆ ఆట ఆడే మిగతావాళ్ళు మాకూ కావాలని అడిగారు. ధర ఎందుకు పెట్టానంటే, నువ్వు అమ్మని కూడా ఊరికే ఎక్కించుకోలేదు. ఊరికే ఎక్కించుకునే కండక్టరమ్మ నువ్వు కావు. ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

ఇప్పుడు నీ ఇష్టం. తీసెయ్యమంటే ముప్పయ్యో తారీకు దాకా ఆగను. కంపెనీ చెబితే వినను గానీ, గొంతు నీది.

తమ్ముడు


జూన్ 25

తమ్ముడూ,

నిన్ను క్షమించలేదు. ఇది ముందు రాస్తున్నాను, చివర్లో రాస్తే కాగితం చాలదేమోనని.

సోమవారం పలక పట్టుకుని ఒక్కదాన్నే డాక్టరు దగ్గరికెళ్ళాను. "వస్తుందా, రాదా?" అని రాశాను. ఆయన చుట్టూ తిప్పబోతే చెరిపి మళ్ళీ అదే రాశాను. రాదన్నారు. గరగర మాత్రం మిగులుతుందట. బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చినా చప్పుడు రాదు, అదీ ఒక అవమానమే. నీ మీద వచ్చిన కోపానికి నువ్వు అక్కడ లేకపోవడం నీ అదృష్టం. నా గొంతు గురించి నాకంటే ముందు నీకు తెలియడమేమిటిరా? ఆ పదకొండు రోజులూ నాకూ తెలిసి ఉంటే, బస్సులో ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలిచేదాన్ని.

మర్నాడు రిజిస్టరులో అడ్రసు చూసుకుని, ఆ టిఫిన్ డబ్బా నర్సమ్మ దగ్గరికెళ్ళాను. ఆవిడ గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, తలుపు వెనక ఆరేసిన రెండు యూనిఫారాలు. నీ మాడ్ కొన్నాను. నా డబ్బుతో. ఆవిడ ఊరికే వినిపిస్తానంది, నేను ఒప్పుకోలేదు. గంటన్నర కూర్చుని నడిపాం. బాగుంది. బాగుందని ఒక్కసారే రాస్తాను.

ఇక బాగోలేనిది. బస్సు ఒక్క బెల్లుకి కదులుతోంది. ఒక బెల్లు ఆగడానికి, రెండు బెల్లులు కదలడానికి. నా వెనక పదకొండు రోజులు కూర్చుని ఇది వినలేదా? పైగా ముసలమ్మ ఇంకా కూర్చోలేదు, నా చేత బెల్లు కొట్టించావు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి అలా కొట్టలేదు. డబ్బులు తీసుకుని తప్పుడు బెల్లు అమ్ముతావా? ఊరికే ఇచ్చి ఉంటే ఏదో పిల్లచేష్ట అనుకుని ఊరుకునేదాన్ని. టికెట్టు కొన్నదాన్ని కనుక నిలదీస్తున్నాను. ధర పెట్టడంలో ఉన్న న్యాయం నాకు అక్కడ అర్థమైంది. డబ్బు తీసుకున్నవాడు జవాబు చెప్పాలి.

ఇంకో మాట. ఆ బెల్లు మా డిపో బెల్లు కాదు. ఎవరిది? నిజం రాయి.

కంపెనీకి నేనే ఉత్తరం రాశాను. నర్సమ్మ వాళ్ళ భాషలోకి మార్చి పంపింది. నకలు ఇది:

"అయ్యా, ఆ కండక్టరమ్మని నేనే. మీ బస్సు మీది, మీ రోడ్డు మీది. గొంతు నాది, దాన్ని మీ బస్సులో నిలబెట్టిన కష్టం మా తమ్ముడిది. అభిమానులు ఊరికే చెయ్యాలని మీరంటున్నారు. ఇష్టమున్నవాళ్ళు చేస్తారు, వాళ్ళకి దణ్ణం. నేను మాత్రం ఒక్కరోజు కూడా ఊరికే అరవలేదు, ఇప్పుడు అరవను. మీ తర్వాతి ఆటలో నా గొంతు వినబడితే, మీ ఆఫీసు మెట్ల మీదకి పలక పట్టుకుని వస్తాను. మాట్లాడలేను కనుక ఎంతసేపైనా కూర్చోగలను."

తియ్యకు. ధర మార్చకు. బెల్లు మార్చు.

అక్క


జూలై 2

అక్కా,

ముప్పై సాయంత్రం కంపెనీవాళ్ళే తమ పేజీలోంచి మన మాడ్ తీసేశారు. నా ఖాతా కూడా మూసేశారు. తలుపు వేసేముందు మర్యాదగా ఒక వాక్యం పంపారు, మీ సృజనాత్మకతని గౌరవిస్తున్నాం అని.

బెల్లు సంగతి. సిగ్గుగా ఉంది. అది ఒక పెద్దాయన తన సొంత మాడ్ కోసం చేసి, అందరికీ ఊరికే ఇచ్చిన బెల్లు. చిన్న చప్పుడే కదా అని అడగకుండా తీసుకుని, నా ధరలో కలిపేశాను. కంపెనీ మీద అంత న్యాయం మాట్లాడినవాణ్ణి. ఆయనకి రాసి క్షమాపణ చెప్పుకున్నాను. జవాబిచ్చాడు. "డబ్బు మాట నేను అడగలేదు. నన్ను అడగలేదని కోపం" అన్నాడు. అచ్చం నీలాగే. తిట్టేవాళ్ళలో ఆయన ముందుండేవాడట, నాకు తెలియదు. ఇప్పటికీ ధర తప్పే అంటాడు. నేను కాదంటాను. రోజూ వాదించుకుంటున్నాం.

నర్సమ్మ పంపిన కొత్త బెల్లు చేరింది. నువ్వు డిపోలో పాత బస్సెక్కి తాడు లాగుతుంటే ఆవిడ ఫోన్లో పట్టిందట కదా. డ్రైవర్లు చుట్టూ చేరి నిలబడ్డారని రాసింది. ముసలమ్మ కూర్చున్నాక రెండు బెల్లులు, సరిచేశాను. ఇదివరకు కొన్నవాళ్ళకి కొత్తది పంపాను.

నా సొంత పేజీ తెరిచి అక్కడ పెట్టాను, అదే ధరకి. నీ ఉత్తరం నకలు కూడా పైన అతికించాను, అడగకుండా. ఇదిగో, ఇప్పుడు అడుగుతున్నాను. ఉంచనా? లాయరు కాగితం వస్తుందేమో. రానీ. చిన్న అక్షరాలు చదవడం నాకు వచ్చు. కొనేవాళ్ళు వస్తున్నారు, మునుపటంత కాదు గానీ వస్తున్నారు. కొత్త మాటలు కావాలంటున్నారు. లేవని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఏం రాయమంటావు?

తమ్ముడు


జూలై 7

తమ్ముడూ,

ఉత్తరం ఉంచు. ఇంకోసారి ముందు అడిగి తర్వాత అతికించు.

ఆ పెద్దాయనకి నా తరఫున ఒక మాట చెప్పు. ఆయన ఊరికే ఇవ్వడం ఆయన గొప్ప, నేను ఊరికే ఇవ్వకపోవడం నా హక్కు, రెండూ ఒకే బస్సులో కూర్చోవచ్చు.

కొత్త మాటలు లేవని రాయకు. నిన్న గదిలో ఎవరూ లేనప్పుడు ప్రయత్నించి చూశాను. గరగరలాడుతూ ఏదో వస్తోంది. ఇసుక మీద గోనె సంచి ఈడ్చినట్టు ఉంది. నాలుగడుగులు దాటి పోదు. అప్పుడే ఒకాయన గొడుగు కోసం లోపలికొచ్చాడు. పలక దూరంగా ఉంది. ఉన్న గొంతుతోనే "వరసలో రండి" అన్నాను. ఉన్నది ఆయనొక్కడే. అయినా వరసలో నిలబడ్డాడురా.

ఆదివారం మైకు తీసుకుని రా. ఇప్పుడున్న గొంతుతో మొత్తం మళ్ళీ చెబుతాను, మొదటి స్టాపు నుంచి ఆఖరు స్టాపు దాకా. అలసిపోతే ఆగి చెబుతాను, దగ్గొస్తే దగ్గి చెబుతాను, దగ్గు కొయ్యకు. పాత కండక్టరమ్మ అలాగే ఉంటుంది. ఈమె ఇంకో బస్సులో డ్యూటీ చేస్తుంది. వినబడనివాళ్ళు దగ్గరికి జరిగి వింటారు.

నిన్ను క్షమించే సంగతి ఇంకా తేలలేదు, ఆదివారం నీ మొహం చూసి ఆలోచిస్తాను. ధర మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. ఆ గొంతుకి ఎంతో, ఈ గొంతుకీ అంతే. గొంతు పోయిందని జాలిపడి తగ్గించావంటే ఊరుకోను.

అక్క